హస్తవాసి

విజయవాడలో ఇంద్రకీలాద్రి ఎక్కినవారికి అర్జునుని తపస్సు కథను ఎవరో ఒకరు చెప్పక మానరు. పాశుపతాస్త్రం కోసం ఆ వీరుడు తపస్సు చేసిన కొండ ఇదేనని స్థలపురాణం. ఆ అర్జునుడే కురుక్షేత్రంలో రెండు సేనల నడుమ నిలిచి బంధువుల ముఖాలు చూచినప్పుడు ఒళ్ళు వణికినదనీ, గాండీవం చేతినుండి జారినదనీ గీత తొలి అధ్యాయం చెబుతున్నది. ఆ వణుకుకు అక్కడ వాడిన మాట ‘వేపథువు’.

ఈ మాటే ఇంకొక ప్రాచీన గ్రంథంలో, పూర్తిగా వేరైన సందర్భంలో కనిపిస్తుంది. శస్త్రవైద్యునికి ఉండవలసిన లక్షణాలను సుశ్రుతుడు తన సంహితలో ఒకచోట లెక్కించినాడు. గుండె నిబ్బరం ఉండాలి. పని చురుకుగా సాగాలి. పరికరాలు పదునుగా ఉండాలి. చెమట పట్టరాదు, వేపథువు ఉండరాదు, కంగారు పడరాదు. యుద్ధభూమిలో విలుకానికి వచ్చిన వణుకూ, శస్త్రం పట్టిన వైద్యునికి రాకూడని వణుకూ ఆ భాషలో ఒక్కటే. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో రోములో సెల్సస్ అనే గ్రంథకర్త కూడా శస్త్రవైద్యుని చేయి ఎన్నడూ వణకరాదనీ, అతడు యువకుడో, యౌవనానికి దగ్గరి వయసువాడో కావాలనీ వ్రాసినాడు. ఆ రెండవ నియమాన్ని నేడు అమలు జరిపితే పెద్దాసుపత్రులలో సగం గదులు మూతపడవలసి వస్తుంది!

గ్రంథాలు చదవని రోగికి కూడా ఈ నియమం తెలుసు. తెలుగువారు వైద్యుని పట్టాను చూచి వెళ్ళటం తక్కువ. హస్తవాసిని విని వెళ్ళటం ఎక్కువ. “ఆయన హస్తవాసి మంచిది” అన్న ఒక్క మాట దివిసీమలోని ఒక ఊరినుండి ఇంకొక ఊరికి పాకి, అవనిగడ్డ బస్సులలో రోగులను విజయవాడ సూర్యారావుపేటకు చేర్చగలదు. మన నుడికారంలో మనిషి సామర్థ్యమంతా చేతిలోనే ఉన్నది. నేర్పరి అయినవాడు చెయ్యి తిరిగినవాడు. దిక్కు తోచనివానికి కాళ్ళూ చేతులూ ఆడవు. పూర్వం పల్లెలలో కురుపు కోయవలసి వస్తే మంగలి చేయి, పురుడు పోయవలసి వస్తే మంత్రసాని చేయి. చదువు మారినది, పరికరాలు మారినవి. రోగి చూపు మాత్రం ఇంకా ఆ చేతిమీదనే ఉన్నది.

అందుచేతనే, నాగాయలంక వైపునుండి వచ్చిన ముసలమ్మ ఒకతె శుక్లం తీయించుకొనటానికి కుర్చీలో కూర్చున్నదనుకొనండి. వైద్యుడు మందులచీటీ వ్రాస్తున్నాడు. కలం కొన సన్నగా అదిరినది. కళ్ళకు మసకైనా ఆమెకు ఆ అదురు కనబడుతుంది. బయటికి రాగానే కొడుకును పక్కకు పిలుస్తుంది: “ఒరేయ్ అబ్బాయీ, డాక్టరుగారి చెయ్యి వణుకుతోందిరా. ఈయన చేతే కోయించుకోమంటావా?”

ఆ ప్రశ్నకు కొడుకు వద్ద సమాధానం ఉండదు. నిజానికి వైద్యశాస్త్రం వద్ద కూడా ఒక్క మాటలో చెప్పగల సమాధానం లేదు. ఆ వణుకు ఏ జాతిదో ముందు తేల్చాలి.

వణకని చేయి లోకంలో లేదు. చేతులు రెండూ ముందుకు చాచి, వ్రేళ్ళమీద పలుచని కాగితం ఒకటి పరచి చూస్తే దాని అంచు అదురుతూనే ఉంటుంది. కండరాలకు నాడుల ద్వారా అందే ఆజ్ఞలు ధారగా కాక తునకలు తునకలుగా అందుతాయి. గుండె కొట్టుకొనటం కూడా వ్రేలికొన దాకా పాకుతుంది. ఈ సహజమైన కంపం సెకనుకు సుమారు 8 నుండి 12 సార్లు. మామూలు పనులలో అది ఎవరికీ కనబడదు. నిద్ర చాలకపోయినా, ఆకలితో ఉన్నా, భయపడినా, బరువులు మోసినా అది పెరుగుతుంది. ఉబ్బసానికి వాడే సాల్బ్యుటమాల్ వంటి మందులు, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయటం దానిని ఇంకా పెద్దది చేస్తాయి. తెల్లవారుజామున లేచి రెండు గ్లాసుల చిక్కని కాఫీ పుచ్చుకొననిదే ఆపరేషను గదిలో అడుగుపెట్టలేని వైద్యులు ఈ సంగతి వినటానికి ఇష్టపడరు గాని, కాఫీకి కూడా ఈ దోషంలో వాటా ఉన్నది.

రెండవ జాతిది వంశంలో దిగివచ్చే వణుకు. వైద్యులు దీనిని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. చేయి ఊరక ఉన్నంతసేపూ నెమ్మదిగానే ఉంటుంది. గ్లాసు ఎత్తబోయినా, కలం పట్టబోయినా వణుకు మొదలవుతుంది. లోకంలో సుమారు నూటికి ఒకరికీ, 65 ఏళ్ళు దాటినవారిలో నూటికి నలుగురైదుగురికీ ఇది ఉన్నదని అంచనా. పీడితులలో దాదాపు సగంమంది ఇళ్ళలో తండ్రికో తల్లికో కూడా ఇదే ఉంటుంది. ఇది వార్ధక్యంలోనే రావాలని లేదు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో, వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడే తలయెత్తవచ్చును. దీనికి ఇంకొక చెడ్డ గుణం ఉన్నది. కొంచెం మద్యం పుచ్చుకొంటే చాలామందిలో ఈ వణుకు కాసేపు అణగుతుంది. ఆ తరువాత రెట్టించి వస్తుంది. చేతితో బ్రతికేవానికి ఇంతకన్న ప్రమాదకరమైన ఉపశమనం ఉండబోదు.

మూడవది మన పెద్దలు కంపవాతమన్నది. లండను శివార్లలో వైద్యం చేసిన జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల కథలతో దీనిమీద చిన్న పుస్తకం వ్రాసినాడు. ఆ ఆరుగురిలో కొందరిని వీధిలో చూచి వ్రాసినవాడే గాని, పరీక్ష చేసి వ్రాసినవాడు కాడు. ఈ వణుకు సెకనుకు 4 నుండి 6 సార్లు. చేయి ఊరక ఉన్నప్పుడు కనిపించి, పనికి పూనుకొనగానే తరచు తగ్గుతుంది. అందువలన శస్త్రవైద్యునికి ఇది వస్తే వణుకుకన్న చేతి మందకొడితనమే ముందు పనికి అడ్డు వస్తుంది. పొలంగట్లమీద పెరిగి, తాకితే ఒళ్ళంతా దురద పుట్టించే దూలగొండి గింజలను ఆయుర్వేదవైద్యులు మందుగా వాడతారు. ఆ గింజలలో లీవోడోపా అనే పదార్థం ఉన్నదని దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1937లో మద్రాసులో వేరుచేసి చూపించినారు. కంపవాతానికి ఆ పదార్థమే ప్రధానౌషధమని 1960 దశకంలో లోకం గ్రహించినది. అయితే వంశపు వణుకుకు దానితో పని లేదు. వణికిన ప్రతి చేతినీ కంపవాతమని నిశ్చయించుకొని బెంగపడేవారు, గింజలు నూరి మింగేవారు మన పల్లెలలో తక్కువ కాదు.

ఇక ఆపరేషను బల్ల దగ్గరకు వద్దాము. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసిన బొమ్మకు కన్ను దిద్దేవాని కుంచె ఒక్కసారి అదిరితే బొమ్మ ఒకటి పోతుంది. మళ్ళీ రంగు వేసుకోవచ్చును. నిజమైన కన్నుకు శస్త్రం పెట్టేవానికి ఆ వెసులుబాటు లేదు. కంటి పారదర్శక పటలాన్ని కుట్టే 10-0 నైలాను దారం మందం మిల్లీమీటరులో సుమారు 40వ వంతు. సూక్ష్మదర్శిని దారాన్ని పెద్దది చేసి చూపినట్లే వణుకును కూడా పెద్దది చేసి చూపుతుంది. తొలిసారి సూక్ష్మదర్శినిలో తన చేతిని తాను చూచుకొన్న యువవైద్యుడు, తనకేదో నరాల జబ్బు ఉన్నదని జడుసుకొనటం పరిపాటి. అది జబ్బు కాదు. అందరి చేతులలో ఉన్నదే, అంత దగ్గరగా ఎన్నడూ చూడనిది.

అయినప్పటికీ శస్త్రచికిత్సలు జరుగుతున్నవి, కళ్ళు బాగవుతున్నవి. దీనిలోని రహస్యం చేయి వణకకపోవటంలో లేదు. చేతిని ఆనించటంలో ఉన్నది. కంటివైద్యుడు మణికట్టును రోగి నుదుటిమీద గాని, తలవద్ద అమర్చిన కమ్మీమీద గాని ఆనిస్తాడు. దంతవైద్యుడు ఉంగరపువ్రేలిని పక్కపంటిమీద మోపి మరీ యంత్రం నడుపుతాడు. సూది వేసే నర్సు అరచేతి మడమను రోగి ముంజేతిమీద నిలుపుతుంది. మోచేయి గాలిలో ఉంటే వణుకు వ్రేలికొనకు దిగుతుంది. ఎక్కడో ఒకచోట ఆనితే అక్కడే ఆగిపోతుంది. సుశ్రుతుడు శిష్యులచేత సొరకాయ, గుమ్మడికాయ, దోసకాయలమీద కోతలనూ, తామరతూడులమీదా చచ్చిన పశువుల సిరలమీదా రక్తం తీయటాన్నీ సాధన చేయించమన్నది కూడా ఇందుకే. ఒక పనిని వందసార్లు చేసిన చేతిలో వణుకు పోదు. అది ఎక్కడ ఎంత వస్తుందో ఆ చేతికి తెలిసిపోతుంది.

శస్త్రవైద్యుని వణుకు గురించి లోకం మాట్లాడుకొన్నంతగా తక్కినవారి వణుకు గురించి మాట్లాడుకొనదు. వరి కోతలలో ఎండిపోయిన వృద్ధుని చేతిలో సిర వెదకే నర్సును చూడండి. ఆ సిర దారంలా జారుతుంది. మొదటి పోటు తప్పినది. రోగి భార్య తల ఎత్తి చూచినది. ఇంతకు ముందు లేని వణుకు ఆ చూపుతో వస్తుంది. రెండవ పోటు మరింత కష్టమవుతుంది. రక్తపరీక్షశాలలో గాజుగొట్టంతో చుక్కలు కొలిచేవారికి, పసిబిడ్డ తొడకు టీకా వేసే గ్రామ ఆరోగ్య కార్యకర్తకు కూడా ఈ బాధ ఒకటే. వీరిలో ఎవరికైనా వంశపు వణుకు ఉంటే సూది తమకే గుచ్చుకొనే అపాయం కూడా ఉన్నది. పెద్దడాక్టరు చేయి వణికితే “వయసు మీదపడినది పాపం” అనే నోళ్ళే నర్సు చేయి వణికితే “పని రాదు” అంటాయి. ఈ తేడాను వైద్యశాస్త్రం కల్పించలేదు, మనమే కల్పించినాము.

ఔషధాల మాటకు వస్తే, బ్రిటనులో జేమ్స్ బ్లాక్ 1960 దశకంలో గుండెజబ్బు కోసం కనిపెట్టిన ప్రొప్రనలాల్ మాత్ర వణుకును కూడా తగ్గిస్తుందని తరువాత తేలినది. బ్లాకుకు 1988లో నోబెల్ బహుమానం వచ్చినది. శిక్షణలో ఉన్న అమెరికా కంటివైద్యులకు శస్త్రచికిత్సకు ముందు ఈ మాత్ర ఇచ్చి చూడగా చేతి వణుకూ ఆందోళనా తగ్గినవని 1998లో ఒక పరిశీలన ప్రకటించినది. ఉబ్బసం ఉన్నవారికి ఈ మాత్ర పనికిరాదు, నాడి మందగిస్తుంది. ఇక్కడొక విడ్డూరమున్నది. విజయవాడ నేడు విలువిద్యకు పేరుపడిన నగరం. ఈ ఊరి ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకాలు గెలిచినది. విలుకాండ్రకు ఈ జాతి మాత్రలు నిషిద్ధం. చేయి నిలకడ కావటంలో అన్యాయపు లాభం ఉన్నదని క్రీడాసంఘాల అభిప్రాయం. శస్త్రవైద్యుడు అదే మాత్ర వేసికొంటే ఏ సంఘమూ అడ్డుచెప్పదు. బాణం గురి తప్పితే పతకమే పోతుంది కదా!

మాత్రలకు లొంగని వణుకుకు మెదడులోనే చికిత్స ఉన్నది. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో బెనబిద్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ 1987లో మెదడు లోతులలో సన్నని తీగ నిలిపి, విద్యుత్తుతో వణుకును ఆపినారు. కోత లేకుండా ధ్వనితరంగాలను ఒకచోట కేంద్రీకరించి చేసే చికిత్సకు 2016లో అమెరికా అనుమతి ఇచ్చినది. వైద్యుడు పక్కబల్ల దగ్గర కూర్చుండి నడిపే మరచేతులు కూడా ఉన్నవి. 2000లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ యంత్రం వైద్యుని వ్రేళ్ళలోని వణుకును వడగట్టి, తక్కిన కదలికనే లోపలికి పంపుతుంది. ఖరీదు దృష్ట్యా ఇవి డెల్టాలోని చిన్న ఆసుపత్రికి అందని సంగతులు. కాగా, అసలు చిక్కు చికిత్సలో లేదు. చికిత్సకు వెళ్ళాలంటే ముందు ఒప్పుకోవాలి.

ఒప్పుకొనటమే కష్టం. మన ప్రాంతపు నర్సింగు హోము తరచు ఒక్క మనిషి పేరుమీద నిలిచిన కట్టడం. క్రింద మందులషాపు, పైన గదులు, ఆపైన ఇల్లు. అప్పు చేసి కట్టినది, కొడుకూ కోడలూ చదువు పూర్తిచేసి వచ్చేదాకా నిలబెట్టవలసినది. ఆ పెద్దమనిషి చేయి వణుకుతున్నదని గవర్నరుపేట మందులషాపులలో ఒక్క సాయంత్రం అనుకొంటే చాలు, మరుసటి వారానికి బయటి బెంచీలు ఖాళీ. అందుచేత ఆయన చీటీలు కాంపౌండరుచేత వ్రాయిస్తాడు. విందులలో సాసరు లేకుండా కప్పు ఒక్కటే తీసికొంటాడు. కష్టమైన కేసులను “గుంటూరు తీసుకువెళ్ళండి” అని పంపివేస్తాడు. లోపలి బాధను భార్యకు కూడా చెప్పడు. వణుకుకన్న ఈ దాపరికం రోగికి ఎక్కువ ప్రమాదం. దాచేవాడు సహాయం అడగడు. పని మధ్యలో శస్త్రాన్ని పక్కవాని చేతికి ఇవ్వడు.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేవారికి చట్టం కొంత అండగా ఉన్నది. వికలాంగుల హక్కుల కోసం 2016లో పార్లమెంటు చేసిన శాసనంలోని 20వ సెక్షను ప్రకారం, ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం కలిగిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. చేస్తున్న పనికి తగకపోతే అదే జీతంమీద వేరుపనికి మార్చాలి. అదే శాసనం గుర్తించిన వైకల్యాల పట్టికలో పార్కిన్సన్ వ్యాధి పేరు ఉన్నది. వంశపు వణుకు పేరు లేదు. సొంత ఆసుపత్రి నడిపేవానికి ఈ సెక్షనుతో నిమిత్తం లేదు. ఆయనను ఎవరూ తొలగించరు. ఎవరూ పరీక్షించరు కూడా. వాణిజ్య విమానం నడిపేవాడు నియమిత కాలంలో వైద్యపరీక్షకు నిలవాలి, 65 ఏళ్ళకు దిగిపోవాలి. ఎనభై ఏళ్ళ శస్త్రవైద్యుని చేతిని కొలిచేవారు లేరు.

ఉద్యోగపు చివరలో చూడని ఆ చేతిని ప్రవేశద్వారంలో మాత్రం భూతద్దంతో చూచినారు. రెండు చేతులూ లోపం లేనివై, స్పర్శ, బలం, కదలిక సరిగా ఉన్నవారినే వైద్యవిద్యలో చేర్చుకోవాలని జాతీయ వైద్య సంఘం మార్గదర్శకాలు చాలాకాలం పట్టుబట్టినవి. చేతివ్రేళ్ళలో లోపమున్న ఒక విద్యార్థి సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2025 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానం ఈ షరతుకు చట్టంలో పవిత్రత ఏమీ లేదన్నది. చేయి ఎలా ఉన్నదని కాదు, ఆ చేతితో ఆ విద్యార్థి ఏమి చేయగలడని చూడాలన్నది తీర్పు సారాంశం. అంతకు ముందు 2024 అక్టోబరులో మాటలో లోపమున్న మరొక విద్యార్థి విషయంలో కూడా కోర్టు ఇదే దారి తొక్కినది. వైకల్యాన్ని లెక్కచేయక ఎదిగినవారికి ఉదాహరణగా ఆ తీర్పు చెప్పిన పేర్లలో ఒకటి బొల్లా శ్రీకాంత్‌ది. పుట్టుచూపు లేని ఆయన బందరు ప్రాంతపు రైతుబిడ్డ. ఇంటరులో సైన్సు చదవటానికే పోరాడవలసి వచ్చినవాడు. రాష్ట్రంలో వైద్యవిద్య ప్రవేశాలు నడిపే ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో విజయవాడలోనే వెలిసినది గనుక, ఈ తీర్పుల ప్రభావం ముందుగా తట్టే గడపలలో అది ఒకటి.

చేతి రూపం వేరు, చేతి పని వేరని కోర్టు చెప్పకముందే చేసి చూపిన వైద్యుడు ఒకరున్నారు. కృష్ణా డెల్టా ఇంకా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులలో, 1944లో, మద్రాసు స్టాన్లీ వైద్యకళాశాలనుండి గోవిందప్ప వెంకటస్వామి పట్టా పుచ్చుకొన్నారు. చిన్నతనంలో బంధువుల ఆడపడుచులు ప్రసవాలలో మరణించటం చూచి, పురుళ్ళ వైద్యుడు కావాలనుకొన్నారు. సైన్యంలో పనిచేస్తుండగా కీళ్ళవాతం ముంచుకొచ్చినది. నెలల తరబడి మంచం దిగలేదు. వ్రేళ్ళు శాశ్వతంగా వంకరపోయినవి. 1948లో సైన్యంనుండి పంపివేసినారు. పురుళ్ళ వైద్యం ఆ చేతులకు సాధ్యం కాదని తేలినది. ఆయన కంటివైద్యం చదివినారు. తన వ్రేళ్ళకు ఇమిడే పరికరాలను తీర్చుకొని, కత్తి పట్టుకొనటం మొదటినుండి నేర్చుకొన్నారు. ఒకేరోజున వంద శుక్లాలు తీయగలిగే స్థితికి వచ్చినారు. ఉద్యోగవిరమణ తరువాత 1976లో మధురలో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రి తెరచినారు. 2006లో గతించేనాటికి ఆయన స్వహస్తాలతో చేసినవి లక్షకు పైబడిన శస్త్రచికిత్సలు. ఆయనది వణుకు కాదు, వంకర. అయినా ఆ చేతిని చూచి లోనికి రానివ్వని కళాశాల ఉండి ఉంటే ఏమయ్యేదో లెక్కకట్టవచ్చును. ఆయన తన చేతిని దాచలేదన్నది కూడా గమనించదగ్గది. దాచటానికి వీలులేని చేయి అది. ఏది చేయగలడో, ఏది చేయలేడో మొదటే తేల్చుకొని, పురుళ్ళు వదలి కళ్ళు పట్టుకొన్నారు.

వణుకు వచ్చినవారికి అటువంటి తేల్చుకొనటం నడివయసులోనో, ఆపైనో వస్తుంది గనుక మరింత బరువు. కన్ను, మెదడు, రక్తనాళాలు కోసేవాడు కోత మానవలసి రావచ్చును. రోగనిర్ణయానికి, కోయాలా వద్దా అన్న ఆలోచనకు, చదువు చెప్పటానికి ఆ చేయి అడ్డు కాదు. ముప్పయి ఏళ్ళ అనుభవంలో పెద్దభాగం అక్కడే ఉంటుంది. అటువంటి పెద్దవైద్యులు కోత మానిన తరువాత బల్లకు ఆవలివైపు, సహాయకుడు నిలిచేచోట నిలుస్తారు. కత్తి చిన్నవైద్యుని చేతిలో ఉంటుంది. “కొంచెం పైకి... ఆఁ, అక్కడ” అనే మాట మాత్రం ఇవతలినుండి వస్తుంది.

రోగి బంధువులకు ఈ మార్పు సులభంగా నచ్చదు. లోపలికి తీసుకువెళ్ళే ముందు ముసలమ్మ కొడుకు గుమ్మం దగ్గర నిలబడి, “పెద్ద డాక్టరుగారే చేస్తారు కదండీ?” అని అడుగుతాడు.

“చిన్నాయన చేస్తాడయ్యా. నా చెయ్యి ఈ మధ్య వణుకుతోంది. నేను పక్కనే ఉంటాను.”

కొడుకు వెనుదిరిగి తల్లి వైపు చూస్తాడు. ఆమె ఇదంతా విన్నది. బల్లమీద పడుకొంటూ, “చెప్పాడు కదురా. ఇక పద” అంటుంది.